కరీబియన్ క్రూయిజ్‌లో ఓడ దిగి సొంతంగా తిరగవచ్చా?

ప్రశ్న:

నమస్కారం. మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాము. వచ్చే జూలైలో పిల్లల సెలవులకు, తెనాలి నుంచి వస్తున్న మా అత్తయ్యగారిని, మామయ్యగారిని కూడా తీసుకుని మయామి నుంచి ఏడు రాత్రుల పశ్చిమ కరీబియన్ క్రూయిజ్‌కు వెళ్ళాలనుకుంటున్నాము. డిపాజిట్ కట్టాము, మిగతా సొమ్ము ఇంకా కట్టలేదు. మొదటి మజిలీ క్రూయిజ్ కంపెనీవారి సొంత దీవి, ఆ తరువాత జమైకాలోని ఫాల్మత్, గ్రాండ్ కేమన్ దీవిలోని జార్జ్‌టౌన్, చివరగా మెక్సికోకు చెందిన కొజుమెల్ దీవి. ఓడవారు అమ్మే టూర్లను ఆరుగురికీ లెక్కవేస్తే ఖర్చు చాలా ఎక్కువగా కనబడుతోంది. బయట బుక్ చేసుకుంటే సగంలో అయిపోతుందని స్నేహితులు అంటున్నారు. మా వారికి మాత్రం ఓడ మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోతుందేమోనని భయం. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. అత్తయ్యగారు మాంసం, చేపలు ముట్టరు. బాబుకు 11 ఏళ్ళు, పాపకు 6 ఏళ్ళు. వాళ్ళకు జలపాతం ఎక్కాలని ఉంది, నాకు మెక్సికోలో తులుం అనే చోట ఉన్న మాయా నాగరికత శిథిలాలు చూడాలని ఉంది. ఏవి సొంతంగా చూడవచ్చు, ఏవి ఓడవారితోనే వెళ్ళాలి? మా వారిది హెచ్1బి వీసా, నాది హెచ్4.

సమాధానం:

నమస్కారం. మీ వారి భయం అర్థంలేనిదేమీ కాదు కనుక ముందు దాని గురించే చెబుతాను. ఓడవారి టూరుకు వెళ్ళిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగడానికి వీలులేకపోతే ఆ ప్రయాణికులను తరువాతి రేవుకు చేర్చే బాధ్యతను కంపెనీయే తీసుకుంటుంది. సొంతంగా వెళ్ళినవారి విషయంలో ఈ రెండూ ఉండవు. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరానికి దూరంగా ఉన్న సావో తోమే దీవిలో ఒక ప్రైవేటు టూరుకు వెళ్ళి ఆలస్యంగా తిరిగివచ్చిన ఎనిమిది మందిని ఎక్కించుకోకుండానే ఓడ సాగిపోయింది. వారు సొంత ఖర్చుతో దేశం తరువాత దేశం దాటుకుంటూ వెళ్ళి చివరికి సెనెగల్‌లో దాన్ని అందుకున్నారు. మీరు వెళ్ళేచోట దూరాలు అంత పెద్దవి కాకపోయినా నియమం మాత్రం అదే. పైగా భారతీయ పాస్‌పోర్టులతో, పెద్దవారితో, పిల్లలతో ఒక దేశంలో చిక్కుబడి మరో దేశానికి విమానంలో పోవడం అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవారికి ఉన్నంత తేలిక కాదు.

అలాగని మూడు చోట్లా ఓడవారి టూర్లే కొనమని నేను చెప్పను. ఓడవారు మనిషికి ఇంత అని వసూలు చేస్తారు, బయట టాక్సీ గానీ వ్యాను గానీ బండికి ఇంత అని మాట్లాడుకోవచ్చు. ఇద్దరే వెళ్ళేటప్పుడు ఈ తేడా స్వల్పంగానే ఉంటుంది గానీ ఆరుగురు ఒకే బండిలో కూర్చున్నప్పుడు బాగా పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైన లాభం, మీ మామగారు అలసిపోతే వెంటనే వెనక్కి తిరగవచ్చు, చిన్నపిల్ల ఆకలి అంటే బండి ఆపవచ్చు. నలభై మంది ఎక్కిన బస్సులో ఆ వీలు ఉండదు. అందుచేత ధర ఒక్కటే చూసి నిర్ణయించకుండా, మీరు వెళ్ళే చోటికీ ఓడ మెట్లకూ మధ్య ఏముందో చూసి ఒక్కొక్క రేవుకు విడిగా నిర్ణయించుకోండి. మధ్యలో పది, పదిహేను నిమిషాల రోడ్డు మాత్రమే ఉంటే సొంతంగా వెళ్ళండి. గంటకు పైబడిన ఒకే ఒక్క హైవే గానీ, సముద్రం దాటవలసిన ఫెర్రీ గానీ ఉంటే ఓడవారితో వెళ్ళండి, లేదా ఆ ఆలోచన మానుకోండి. మీ జాబితాలోని తులుం, జలపాతం రెండూ ఈ రెండో కోవకు చెందినవే కావడం వల్ల మీకు కొంత నిరాశ కలగవచ్చు. వాటి సంగతి ఆయా రేవుల దగ్గర వివరిస్తాను.

అంతకన్నా ముందు గడియారం గురించి చెప్పాలి, ఎందుకంటే జూలైలో మయామి నుంచి బయలుదేరేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. అమెరికా తూర్పు తీరంలో వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. జమైకా, కేమన్ దీవులు, కొజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం మాత్రం ఏడాది పొడవునా ఒకే సమయాన్ని పాటిస్తాయి. కాబట్టి జూలైలో ఆ మూడు చోట్లా స్థానిక సమయం మయామి కన్నా ఒక గంట వెనక ఉంటుంది. కొన్ని ఓడలు తమ గడియారాన్ని స్థానిక సమయానికి మార్చుకుంటాయి, కొన్ని ప్రయాణం ముగిసేవరకు మయామి సమయాన్నే ఉంచుకుంటాయి. మీ ఓడ రెండో పద్ధతిలో నడుస్తూ, మీ సెల్‌ఫోన్ మాత్రం ఒడ్డున ఉన్న టవర్‌ను పట్టుకుని తనంతట తాను సమయం మార్చుకుంటే, ఫోనులో మూడున్నర అని కనబడే వేళకు ఓడలో నాలుగున్నర అయి ఉంటుంది. చలికాలంలో టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కొజుమెల్ వెళ్ళేవారికి ఇది తిరగబడి, ఫోను ఓడ కన్నా గంట ముందు ఉంటుంది. దాని వల్ల త్వరగా రావడమే తప్ప నష్టం లేదు. మీరు వెళ్ళే నెలలో మాత్రం నష్టమే. ముందు రోజు రాత్రి క్యాబిన్‌కు వచ్చే కాగితంలో గానీ, ఓడ యాప్‌లో గానీ మరుసటి రోజు ఏ సమయం పాటిస్తారో రాస్తారు. మీ ఇంట్లో ఒకరు మామూలు చేతిగడియారం పెట్టుకుని, దాన్ని ఓడ సమయానికి సరిచేసుకుని, ఆ రోజంతా దాన్నే నమ్మండి. డ్రైవరుతో "మూడింటికి రండి" అనకుండా "ఇప్పటి నుంచి రెండు గంటలకు రండి" అని చెప్పండి.

ఓడ బయలుదేరే సమయం వేరు, అందరూ ఎక్కి ఉండవలసిన సమయం వేరు. రెండోదాన్ని ఆల్ అబోర్డ్ అంటారు. సాధారణంగా అది బయలుదేరడానికి అరగంట ముందు ఉంటుంది, కొన్ని చోట్ల ఇంకా ముందు పెడతారు. మీ లెక్క అక్కడి నుంచి వెనక్కి నడవాలి. ఓడ ఎనిమిదింటికి ఆగి అయిదింటికి బయలుదేరుతుందనుకుంటే తొమ్మిది గంటలు చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, రేవు అధికారులు అనుమతి ఇచ్చి జనం దిగేసరికి ముప్పావు గంట పోతుంది. ఆల్ అబోర్డ్ నాలుగున్నరకు అయితే మీరు మూడున్నరకే రేవులో ఉండాలి, అంటే వెళ్ళిన చోటి నుంచి మూడింటి లోపే కదలాలి. మిగిలేది ఆరు గంటలు, అందులో రానుపోను ప్రయాణం, భోజనం, పిల్లలు బట్టలు మార్చుకోవడం అన్నీ పోగా ఒక్క చోటును తీరిగ్గా చూడగల సమయం ఉంటుంది. రెండో చోటును ఇరికించాలని చూసేవారే చివరి గంటలో పరుగులు పెడతారు. పెద్దవారితో వెళ్తున్నారు కనుక రేవుకు ఒక్కటే చూడండి.

కంపెనీవారి సొంత దీవిలో మీకు టూరు ఏదీ అవసరం లేదు. బీచి, కుర్చీలు, భోజనం టికెట్టులోనే వస్తాయి, పెద్దవారికి ట్రామ్ బండి ఉంటుంది. డబ్బులు తీసుకునే ఆటలు పిల్లలు అడిగితే అక్కడికి వెళ్ళాక ఆలోచించవచ్చు.

ఫాల్మత్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ కుటుంబానికి అన్నిటికన్నా బాగా నచ్చేదీ, అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేదీ అక్కడే. పిల్లలు ఎక్కాలనుకుంటున్నది డన్స్ రివర్ జలపాతం అయి ఉంటుంది. సుమారు 600 అడుగుల పొడవున మెట్లు మెట్లుగా సముద్రం దాకా దిగివచ్చే ఆ జలపాతాన్ని జనం చేయీ చేయీ పట్టుకుని గైడు వెంట కింది నుంచి పైకి ఎక్కుతారు. అది ఓచో రియోస్ పట్టణం పక్కన ఉంది. ఫాల్మత్ నుంచి అక్కడికి తీరం వెంట గంటకు పైగా పడుతుంది, మధ్యలో ప్రమాదం ఏదైనా జరిగి రోడ్డు మూసుకుపోతే మరో సులువైన దారి లేదు. నాచు పట్టిన రాళ్ళ మీద నీటి ఒరవడిలో నడవాలి కనుక మీ మామగారు ఎక్కకూడదు. పక్కన మెట్లదారి ఉంది, ఆయన అక్కడ నుంచి చూడవచ్చు గానీ అదీ మోకాళ్ళకు శ్రమే. ఆరేళ్ళ పాప విషయంలో కూడా గైడు మాటకు విలువ ఇవ్వండి. పిల్లలకు అదే కావాలంటే పెద్దపిల్లవాడిని తీసుకుని మీ దంపతులలో ఒకరు ఓడవారి టూరులో వెళ్ళండి, మిగిలిన నలుగురూ నేను ఇప్పుడు చెప్పబోయే చోటికి సొంతంగా వెళ్ళవచ్చు. ఆరుగురూ కలిసే ఉండాలన్న నియమం ఏమీ లేదు, ఇద్దరికి మాత్రమే టూరు కొంటే ఖర్చు కూడా తగ్గుతుంది.

ఆ చోటు మార్తా బ్రే నది. ఫాల్మత్ రేవు నుంచి పదిహేను నిమిషాల దూరంలో, పొడుగాటి వెదురు తెప్పల మీద నదిలో దాదాపు మూడు మైళ్ళు కిందికి తీసుకువెళ్తారు. ఒక్కొక్క తెప్పకు ఇద్దరు పెద్దలు కూర్చునే ఆసనం, వెనక్కి ఆనుకునే వీలు ఉంటుంది. ముందు నిలబడి ఒక సరంగు గడ వేసి నడుపుతాడు. మోటారు చప్పుడు లేదు, నీరు నెమ్మది, రెండు ఒడ్డులా చెట్ల నీడ. సుమారు గంట, గంటన్నరలో అయిపోతుంది. కృష్ణ కాలువల ఒడ్డున పెరిగిన పెద్దవారికి ఇది ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. తెప్ప ఎక్కే చోట, దిగే చోట ఒక్క అడుగు జాగ్రత్తగా వేయాలి, సరంగు చేయి అందిస్తాడు. చివర ఆయనకు చేతిలో కొంత ఇవ్వడం అక్కడ మర్యాద. చిన్న నోట్లు ఉంచుకోండి. దీనికి ఓడవారు కూడా టూరు అమ్ముతారు, అయితే ఇంత దగ్గరి చోటికి ఆరుగురూ మనిషికింత చొప్పున కట్టవలసిన అవసరం నాకు కనబడదు.

జమైకాలో టాక్సీ విషయంలో మాత్రం రాజీపడవద్దు. ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉన్న బండ్లకు పీపీవీ అని రాసిన ఎర్ర నంబరు పలక ఉంటుంది. పర్యాటకులను తిప్పే డ్రైవర్ల సంఘాల్లో జూటా (JUTA) అనేది పాతది, రేవు ఆవరణలోనే వారి బండ్లు దొరుకుతాయి. రేవు గేటు దాటాక "నా బండి చవక" అని వెంటపడేవారిని మర్యాదగా వద్దనండి. బండి ఎక్కకముందే నాలుగు మాటలు తేల్చుకోండి: ధర బండికా మనిషికా, వెళ్ళడానికేనా తిరిగిరావడానికి కూడానా, అక్కడ మన కోసం ఆగుతాడా, చెప్పినది ఏ డాలర్లలో. జమైకా నాణెం పేరు కూడా డాలరే కనుక చివరి ప్రశ్న చాలా అవసరం. తిరుగు ప్రయాణం అయ్యాకే పూర్తి డబ్బు ఇవ్వండి. అక్కడ బండ్లు మన దేశంలోలాగే రోడ్డుకు ఎడమ వైపు నడుస్తాయి. అమెరికాలో పెరిగిన పిల్లలు రోడ్డు దాటేటప్పుడు అలవాటుగా ఎడమ వైపు మాత్రమే చూస్తారు కాబట్టి చేయి పట్టుకుని దాటించండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. 2025 అక్టోబరు 28న మెలిస్సా హరికేన్ అయిదో శ్రేణి తీవ్రతతో జమైకా పశ్చిమ భాగాన్ని తాకి అపారమైన నష్టం కలిగించింది, ఫాల్మత్ ఉన్న ప్రాంతం కూడా దెబ్బతిన్నది. కాబట్టి పాత ఫోటోలు, పాత అభిప్రాయాలు చూసి బుక్ చేయకుండా, ప్రయాణానికి ముందు ఆ చోటువారిని నేరుగా అడిగి ఏది నడుస్తోందో తెలుసుకోండి. దెబ్బతిన్న ఊరికి వెళ్ళి అక్కడి సరంగుకూ, డ్రైవరుకూ నేరుగా మీ డబ్బు చేరేలా ఖర్చు పెట్టడం నా దృష్టిలో మంచి పని కూడాను.

జార్జ్‌టౌన్ సంగతి వేరు. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు ఆనుకునే కట్ట లేదు. 2025 ఏప్రిల్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో కూడా అటువంటి కట్టడాన్ని కేమన్ ప్రజలు వద్దన్నారు. అందుచేత ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. ఇందులోంచి మీ ప్రణాళికకు మూడు విషయాలు వస్తాయి. మొదటి పడవల్లో ఓడవారి టూర్లు కొన్నవారికి ముందు చోటు ఇస్తారు కనుక, సొంతంగా బుక్ చేసుకునేవారు ఒడ్డున మొదటి గంటలోనే బయలుదేరే టూరును ఎంచుకోకూడదు. మధ్యలో కనీసం గంటన్నర వెసులుబాటు ఉంచండి. తిరుగు ప్రయాణంలో మీ గడువు ఓడ బయలుదేరే వేళ కాదు, చివరి టెండర్ కదిలే వేళ. ఆఖరి గంటలో ఎండలో పొడుగాటి వరుస ఉంటుంది, మీ మామగారు అంతసేపు నిలబడలేరు, కనుక అంతకు చాలా ముందే వచ్చేయండి. ఇక కెరటాలు ఎక్కువగా ఉంటే కెప్టెన్ ఆ రేవును పూర్తిగా వదిలేస్తారు. ఓడవారి టూరు సొమ్ము అప్పుడు తిరిగి వస్తుంది. బయటివారు ఇస్తారో లేదో వారి షరతులను బట్టి ఉంటుంది. "ఓడ రేవులో ఆగకపోతే పూర్తి సొమ్ము వాపసు" అని రాతపూర్వకంగా చెప్పేవారి దగ్గరే బుక్ చేయండి, క్రెడిట్ కార్డుతోనే చెల్లించండి.

అక్కడ చూడవలసినది స్టింగ్‌రే సిటీ. నార్త్ సౌండ్ అనే విశాలమైన లోతులేని మడుగులో, నడుము లోతు నీటిలో తెల్లటి ఇసుకదిబ్బ ఉంది. పూర్వం చేపలు పట్టేవారు అక్కడ పడవలు ఆపి చేపలు శుభ్రం చేసేవారని, ఆ వ్యర్థాల కోసం వచ్చిన టేకు చేపలు (స్టింగ్‌రేలు) మనుషులకు అలవాటు పడ్డాయని చెబుతారు. ఇప్పుడు అవి జనం కాళ్ళ మధ్య నుంచి తిరుగుతుంటాయి. పడవలు చిన్నవి, నడిపేది స్థానిక కుటుంబాలు; రేవు నుంచి పడవ దగ్గరకు బండిలో వారే తీసుకువెళ్ళి మళ్ళీ వదిలిపెడతారు. దీన్ని సొంతంగా బుక్ చేసుకోమనే నా సలహా, ఎందుకంటే ఓడవారి టూరు పడవలో జనం చాలా ఎక్కువగా ఉంటారు. నీటిలో పాదాలు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడుస్తూ నడవాలి, అప్పుడు చేప తప్పుకుంటుంది. తొక్కితేనే దాని తోక ముల్లు గుచ్చుకుంటుంది. పెద్దవారికి నడుము లోతు అంటే మీ పాపకు మెడ దాటుతుంది, కనుక లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఆమె కొలతకు సరిపోయేది ఉందా అని బుక్ చేసేటప్పుడే అడగండి. పడవ నుంచి నీటిలోకి దిగేది నిచ్చెన మీదుగా. మీ మామగారు పడవలోనే కూర్చున్నా ఆ తేట నీటిలో అన్నీ కనబడతాయి. టెండర్‌లోకి అడుగు వేసేటప్పుడు ఓడ సిబ్బంది ఇద్దరు చెరో చేయి పట్టుకుంటారు, ఆయన మొహమాటపడకుండా వారికి బరువు ఆన్చాలి. పడవలు ఊగుతున్న రోజున ఆయనను ఓడలోనే ఉండనివ్వడం మంచిది.

మధ్యాహ్నం మిగిలితే సెవెన్ మైల్ బీచికి టాక్సీలోనో, ఊరి చిన్న బస్సులోనో పది, పదిహేను నిమిషాల్లో వెళ్ళవచ్చు. ధరలు చదివేటప్పుడు జాగ్రత్త: కేమన్ డాలరు అమెరికన్ డాలరు కన్నా పెద్దది, అధికారిక మారకం 1.20, చాలా దుకాణాలు 1.25 లెక్కన తీసుకుంటాయి. మెనూలో 20 అని కనబడినది మీకు 24, 25 అవుతుంది.

ఇక కొజుమెల్. తులుం ఆ దీవిలో లేదు, ఎదురుగా ఉన్న ప్రధాన భూభాగంలో ఉంది. రేవు నుంచి శాన్ మిగెల్ ఊరిలోని ఫెర్రీ కట్టకు, అక్కడి నుంచి ముప్పావు గంట ఫెర్రీలో ప్లాయా దెల్ కార్మెన్‌కు, ఆ తరువాత సుమారు గంట రోడ్డు మీద తులుంకు చేరాలి. తిరిగి అదంతా వెనక్కి రావాలి. గాలి పెరిగితే ఫెర్రీలు ఆపేస్తారు. సొంతంగా తులుం వెళ్ళడం మీకు వద్దే వద్దు. ఓడవారి టూరులో వెళ్ళవచ్చు, ఫెర్రీ ఆగినా బాధ్యత వారిది. అయితే జూలై ఎండలో, నీడలేని శిథిలాల మధ్య మీ అత్తమామలను అంతసేపు తిప్పడం శ్రమ. మీకు తులుం తప్పనిసరి అనిపిస్తే మీ ఇద్దరిలో ఒకరు పెద్దవారితో దీవిలో ఉండి, మరొకరు టూరుకు వెళ్ళండి. లేదా, మరోసారి ప్రధాన భూభాగంలోని కాన్‌కూన్ నగరంలో రెండు రోజులు ఉండి తులుం, చిచెన్ ఇట్సా అనే మరో మాయా క్షేత్రం రెండూ తీరిగ్గా చూడండి. మనసు పెట్టి చూడవలసిన చోటుకు అదే న్యాయమైన పద్ధతి.

దానికి బదులుగా కొజుమెల్ దీవిలోనే శాన్ హెర్వాసియో అనే మాయా శిథిలాలు ఉన్నాయి. టాక్సీలో వెళ్ళే దూరమే, సముద్రం దాటనక్కరలేదు, నేల చదునుగా ఉంటుంది, చెట్ల నీడ ఉంది. కట్టడాలు తులుం అంత గంభీరంగా ఉండవు, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ అది ఇష్‌చెల్ అనే దేవత క్షేత్రం. ప్రసవానికీ, వైద్యానికీ అధిదేవతగా ఆమెను కొలిచిన మాయా స్త్రీలు జీవితంలో ఒక్కసారైనా పడవల్లో సముద్రం దాటి ఈ దీవికి యాత్రగా వచ్చేవారని చెబుతారు. మీ అత్తగారికి ఈ కథ వివరించి ఆ రాళ్ళ బాట మీద నడిపిస్తే, నాకు తెలిసి ఆమె ఆ రోజును ఇష్టంగా గుర్తుంచుకుంటారు. దోమల మందు రాసుకుని వెళ్ళండి. ఆ తరువాత దీవి పడమటి తీరంలోని ఏదైనా బీచ్ క్లబ్బులో మధ్యాహ్నం గడపండి. రోజుకు ఇంత అని తీసుకుని భోజనం, కుర్చీలు, స్నానపు గదులు, ఈత కొలను ఇచ్చే క్లబ్బులు చాలా ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవచ్చు. తూర్పు తీరం చూడటానికి అందంగా ఉన్నా అక్కడ కెరటాలు, లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ, పైగా వేసవిలో సర్గాసమ్ అనే సముద్రపు నాచు అటు వైపే ఎక్కువగా కొట్టుకువస్తుంది. పిల్లలను అక్కడ నీటిలోకి దింపవద్దు. స్కూటర్లు, చిన్న జీపులు అద్దెకిస్తామంటారు. ఆరుగురి కుటుంబానికి అవి వద్దు.

కొజుమెల్ టాక్సీలకు మీటర్లు ఉండవు, ఊరికి ఇంత అని నిర్ణయించిన ధరల పట్టిక రేవు దగ్గర బోర్డు మీద ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. ఆ ధరలు సాధారణంగా నలుగురి వరకే వర్తిస్తాయి కనుక ఆరుగురికి వ్యాను అడగాలి. మెక్సికోలో పెసోకు కూడా అమెరికన్ డాలరు గుర్తునే రాస్తారు, బోర్డు మీద ఉన్నది ఏ సొమ్మో అడిగి తెలుసుకోండి. ఓడలు ఆగే మూడు కట్టల్లో పుంతా లంగోస్తా ఒక్కటే ఊరి నడుమ ఉంది, మిగిలిన రెండూ దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. తిరిగివచ్చేటప్పుడు డ్రైవరుకు ఓడ పేరు, కట్ట పేరు రెండూ చెప్పండి. మూడు రేవుల్లోనూ టాక్సీల్లో పిల్లల సీట్లు సాధారణంగా దొరకవు, పాపకు మడతపెట్టే బూస్టర్ సీటు వెంట తీసుకువెళ్ళండి.

అత్తగారి భోజనం గురించి. జమైకాలో రాస్తాఫారీ మతస్థుల ఇతాల్ వంట ఎక్కువగా మొక్కల ఆహారమే, అయితే కొందరు చేపలు తింటారు కనుక చేప లేదని అడిగి తీసుకోండి. ఆ పేరు చెప్పి అడిగితే చాలామందికి వెంటనే అర్థమవుతుంది. 1845లో మొదలైన భారతీయ కూలీల వలస వల్ల రోటీ, కూర అక్కడి వంటలోనే కలిసిపోయాయి గానీ కూర అంటే ఎక్కువగా మేక మాంసమే కనుక అడిగి తీసుకోండి. మెక్సికోలో మాంసం కనబడని వంటలో కూడా బీన్స్ పంది కొవ్వుతో, అన్నం కోడి రసంతో వండడం మామూలు. "సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయో" (పంది కొవ్వు వద్దు, కోడి రసం వద్దు) అని స్పానిష్‌లో రాసిన చీటీ ఆమె చేతిలో ఉంచండి. ఓడ నుంచి పండ్లు, వండిన పదార్థాలు ఒడ్డుకు దించనివ్వరు. సీలు వేసిన బిస్కట్లు, వేరుశనగ పలుకుల ప్యాకెట్ల వంటివి సాధారణంగా తీసుకువెళ్ళవచ్చు. మాత్రలు మాత్రం ఒక రోజుకు సరిపోయేదాని కన్నా ఎక్కువే చేతిసంచిలో ఉండాలి.

జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం. 2024లో బెరిల్ జూలై మొదటి వారంలోనే జమైకా, కేమన్ దీవుల దక్షిణంగా సాగి, కొజుమెల్ పక్కనే ఉన్న యుకతాన్ ద్వీపకల్పాన్ని తాకింది, అంటే సరిగ్గా మీ దారిలోనే. అటువంటప్పుడు ఓడ సురక్షితంగా మరో వైపు వెళ్తుంది, రేవులు మారిపోతాయి. రద్దు చేసుకునే వీలులేని బుకింగ్ ఏదీ చేయవద్దు. కొందరు బయటి నిర్వాహకులు "సమయానికి ఓడకు చేరుస్తామని హామీ" అని ప్రకటిస్తారు. మీరు ఓడ తప్పితే తరువాతి రేవుకు చేర్చే ఖర్చు తాము భరిస్తామని దాని అర్థమే తప్ప, ఓడ ఆగుతుందని కాదు.

ఒడ్డున ఉన్నంతసేపు ఓడ కార్డు, రేవులోని ఓడ ఏజెంటు ఫోను నంబరు ఉన్న కాగితం ఫోటో, అందరి పాస్‌పోర్టుల, వీసాల నకళ్ళు మీ దగ్గర ఉండాలి. అసలు పాస్‌పోర్టులు క్యాబిన్ సేఫ్‌లో ఉంచి, ఆ రేవులో అవి అవసరమని ఓడవారు చెప్పిన రోజున మాత్రమే తడవని సంచిలో తీసుకువెళ్ళండి. ఎప్పుడైనా ఓడ తప్పితే ముందు ఏజెంటు దగ్గరకు వెళ్ళాలి; జనం లెక్క తగ్గినప్పుడు సిబ్బంది తరచుగా సేఫ్ తెరిచి పాస్‌పోర్టులను ఏజెంటుకు అప్పగించి వెళ్తారు. మీ అత్తమామలకు అమెరికా కోసం తీసుకున్న సందర్శకుల బీమా అమెరికా బయట ఎంతవరకు పనిచేస్తుందో పాలసీలో చదవండి. చాలా పాలసీల్లో అది పరిమితం. క్రూయిజ్‌కు విడిగా వైద్య బీమా తీసుకోవడం వారి వయసులో అవసరం.

టూర్లన్నిటికన్నా ముందు ఈ వారమే చూడవలసినవి మీ అందరి వీసా స్టాంపులు. మీ అత్తమామల వీసాలో ఎంట్రీస్ అన్నచోట ఎం అని ఉండాలి, అంటే ఎన్నిసార్లైనా ప్రవేశించవచ్చు. మీ దంపతులలో ఎవరి పాస్‌పోర్టులోనైనా హెచ్ వీసా స్టాంపు గడువు తీరి ఉంటే, ఐ-797 ఆమోద పత్రం చేతిలో ఉన్నా ఈ క్రూయిజ్ నుంచి తిరిగి అమెరికాలో ప్రవేశించడానికి అది చాలదు. గడువు తీరిన స్టాంపుతో 30 రోజుల లోపు తిరిగి రానిచ్చే వెసులుబాటు హెచ్ వీసా వారికి కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. కరీబియన్ దీవులకు అది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్ సందర్శకుల) వీసాల వారికే ఉంది. మీ దారిలో జమైకా, కేమన్ రెండూ ఉన్నాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికో వీసా అక్కరలేదు. జమైకా, కేమన్‌ల నియమాలను మీ క్రూయిజ్ కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి. స్టాంపుల్లో ఏదైనా తేడా కనబడితే, మిగతా సొమ్ము కట్టవలసిన చివరి తేదీకి ముందే క్రూయిజ్‌ను మార్చుకోండి, ఆ తేదీ దాటితే రద్దు రుసుములు మొదలవుతాయి. స్టాంపులు సరిగ్గా ఉంటే ముందుగా స్టింగ్‌రే పడవను బుక్ చేయండి, ఆ తరువాత కొజుమెల్ బీచ్ క్లబ్బును. మార్తా బ్రే తెప్పల సంగతి ప్రయాణానికి నెల ముందు వారినే అడిగి తేల్చుకోవచ్చు.